సుగ్గికి పోయిన పిల్లలు ఏ లెక్కలో ఉన్నారు?

వ్యాఖ్యాత: పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్ల ప్రశ్నలకు ఆచార్యులు గారు జవాబిస్తున్నారు. ఆదోని నుంచి ఒక లెక్చరర్ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మేడమ్, నమస్తే సార్. డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తాను సార్. ఎనిమిదేండ్లాయ. పీహెచ్‌డీ చేయాలని ఉంది. ‘రాయలసీమలో ఉన్నత విద్య’ అని టాపిక్ అనుకున్నా.

ఆచార్యులు: నమస్తే అమ్మా. అంత పెద్ద పేరు పెట్టుకుంటే ఆరేళ్లయినా ఒడ్డు కనపడదు. టాపిక్ మాట అట్లుంచండి. క్లాసులో మీకు నిద్ర పట్టనియ్యని సంగతేంది?

శ్రోత: హాజరు సార్. సంక్రాంతి వస్తానే సగం బెంచీలు ఖాళీ. అమ్మానాన్నల వెంట సుగ్గికి, అదే కూలి వలసకు, పోతారు, గుంటూరు పక్క మిరపకాయలు కోసేకి. పోయినేడు తిరిగొచ్చిన ఒక పాప చేతులు చూసినా సార్. గోళ్ల సందున చర్మం లేచిపోయుండాది. ఇంటర్నల్స్ రాసేకి పెన్ను పట్టుకోలేకపోయింది.

ఆచార్యులు: (కాసేపు ఆగి) మీ పీహెచ్‌డీ అదేనమ్మా. 2010-11 నుంచి కేంద్రం ఉన్నత విద్య మీద దేశమంతా సర్వే చేస్తోంది. 2021-22 నివేదికలో 18 నుంచి 23 ఏళ్ల వయసువాళ్ల జనాభాతో పోలిస్తే కాలేజీల్లో చేరినవాళ్లు 28.4 శాతం అని ఉంది. అది చేరినవాళ్ల లెక్క. మీ పాప పేరు ఆ లెక్కలో ఉంది, మనిషి మాత్రం మూడు నెలలు మిరప చేలో ఉంది. ఆ తేడాను మీ హాజరుపట్టీలు చెప్తాయి. ఒక్క కాలేజీ, ఐదేళ్ల పట్టీలు, ఏ ఊళ్ల పిల్లలు, ఆడపిల్లలెందరు, వెనక్కొచ్చి పరీక్ష రాసిందెందరు. అంత చాలు. ప్రిన్సిపాల్ గారి అనుమతి మాత్రం ముందే రాతలో తీసుకోండి.

శ్రోత: మరి ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లో చేరాల్నా సార్? నాకు ఎం.ఎడ్. లేదు.

ఆచార్యులు: అక్కర్లేదు. మీది ఎం.ఏ. ఎకనామిక్స్. 55 శాతం మార్కులుంటే, రిజర్వేషన్ వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది, ఎకనామిక్స్‌లోనే చేరి విద్యారంగం మీద పని చేయొచ్చు. ఢిల్లీలో నీపా అని ఈ చదువులకే పెట్టిన సంస్థ కూడా ఉంది.

శ్రోత: పిల్లలు చిన్నోళ్లు సార్. ఢిల్లీ కుదరదు.

ఆచార్యులు: అయితే పార్ట్‌టైమ్. విశ్వవిద్యాలయాలకు నియమాలు పెట్టే యూజీసీ 2022 నిబంధనలు ఒప్పుకుంటాయి. కాలేజీ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, కావాలి. కోర్స్‌వర్క్‌కు, అంటే పరిశోధనకు ముందు చదవాల్సిన పాఠాలకు, అవసరమైతే మిమ్మల్ని పంపిస్తామని కూడా అందులో రాయించుకోండి. ఆ ఒక్క వాక్యం లేక మధ్యలో ఇబ్బంది పడ్డవాళ్లను చూశాను. గడువు మూడేళ్ల నుంచి ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు, మహిళలకు దానిమీద మరో రెండేళ్లు ఇస్తారు. ఇక గైడ్. రిటైర్‌మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు, మొహమాటపడకుండా అడగండి. వెళ్లేముందు మన దేశపు థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ శోధ్‌గంగ తెరిచి, ఆయన దగ్గర చేసినవాళ్ల థీసిస్‌లు రెండైనా చదవండి.

శ్రోత: ఇంకోటి సార్... ఒకాయన లక్షన్నర ఇస్తే థీసిస్ రాసిస్తానన్నాడు.

ఆచార్యులు: వద్దు తల్లీ. రాసిచ్చేవాడు ఆ పాప చేతులు చూసినాడా? రేపు వైవాలో, అంటే థీసిస్ మీద మౌఖిక పరీక్షలో, ‘ఈ అంకె ఎట్లా వచ్చింది’ అంటే మీరేం చెప్తారు? నెలకు పది పేజీలు రాయండి, తప్పులతోనే రాయండి.

శ్రోత: సరే సార్. రాస్తాను.

వ్యాఖ్యాత: ప్రొద్దుటూరు నుంచి ఇంకో కాల్.

శ్రోత: సార్, నాకు 41. స్కూల్లో టీచర్‌ని. ఇప్పుడు పీహెచ్‌డీలో చేరొచ్చునా? దూరవిద్యలో ఉంటే చెప్పండి.

ఆచార్యులు: నిరభ్యంతరంగా చేరండి నాయనా. పీహెచ్‌డీకి వయసు అడ్డం లేదు. పరిశోధకులకు నెలనెలా డబ్బిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్‌కే జనరల్‌లో 30 ఏళ్ల హద్దు, కాబట్టి ఫెలోషిప్ మీద ఆశ పెట్టుకోవద్దు. దూరవిద్యలో పీహెచ్‌డీకి యూజీసీ ఒప్పుకోదు, ఎవరు ఇస్తామన్నా డబ్బు కట్టకండి. 2024 జూన్ నుంచి నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష స్కోరుతోనూ పీహెచ్‌డీ సీటుకు పోవచ్చు. దానికి 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు ఏడాదే చెల్లుతుంది, రాసిన ఏడాదే దరఖాస్తు పెట్టుకోండి.