బొమ్మలు అమ్మడానికి పుట్టిన యుద్ధకథ: జి.ఐ. జో మొదటి సంచిక

[తెరపై: జి.ఐ. జో మొదటి సంచిక ముఖచిత్రం. ట్యాంకుతో పాటు మన మీదికే దూసుకొస్తున్న సైనికులు.]

అందరికీ నమస్తే. ప్రభుత్వాన్ని నలుగురిలో నిలదీసిన మనిషి శత్రువుల చేతికి చిక్కితే, ఆ మనిషి కోసం సైనికుడు ప్రాణం పణంగా పెట్టాలా? బొమ్మల ప్రచారానికి తెచ్చిన ఒక కామిక్ తన మొదటి కథలోనే ఈ ప్రశ్న అడిగింది. "జి.ఐ. జో: ఎ రియల్ అమెరికన్ హీరో" అనే ఆ సిరీస్‌ను మార్వెల్ 1982లో మొదలుపెట్టింది. రచయిత లారీ హామా, చిత్రకారుడు హెర్బ్ ట్రింప్.

ముందు బొమ్మల సంగతి చెప్పుకుందాం. అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ 1964లో జి.ఐ. జో అనే సైనికుడి బొమ్మను అమ్మకానికి పెట్టింది. 12 అంగుళాల పొడవు, విప్పి తొడిగే బట్టలు. కొన్నేళ్లు బాగా అమ్ముడుపోయింది. తర్వాత వియత్నాం యుద్ధంతో సైన్యం బొమ్మలంటేనే జనానికి మొహం మొత్తింది. చమురు ధరలతో పాటు ప్లాస్టిక్ ఖర్చూ పెరిగింది. 1970ల రెండో సగంలో ఆ బొమ్మ అంగళ్లలోంచి మాయమైంది. ఈలోగా స్టార్ వార్స్ బొమ్మలు మూడు ముప్పావు అంగుళాల సైజులో దుమ్ము దులిపేశాయి. దాంతో హాస్‌బ్రో కూడా అదే సైజులో, ఈసారి ఒక్కడిని కాకుండా మొత్తం జట్టునే దించాలనుకుంది.

[తెరపై: 1980ల నాటి టీవీ సెట్టు. అందులో యానిమేషన్ ప్రకటన.]

అసలు తెలివంతా ఇక్కడుంది. అప్పట్లో అమెరికా టీవీలో బొమ్మల ప్రకటన వేయాలంటే యానిమేషన్ కొన్ని సెకన్లకు మించకూడదు, మిగతా సమయమంతా అసలు బొమ్మనే చూపించాలి. పిల్లలు కార్టూన్ చూసి మోసపోకూడదని ఆ నిబంధన. కానీ కామిక్ పుస్తకం ప్రకటనకు ఆ అడ్డు లేదు. అందుకని హాస్‌బ్రో తన డబ్బుతో కామిక్‌కే టీవీ ప్రకటనలు ఇచ్చింది. పైకి పుస్తకం పేరు, లోపల బొమ్మల బేరం. కామిక్ పుస్తకం టీవీలో కనిపించడమే అప్పటికి పెద్ద వింత.

హాస్‌బ్రో దగ్గర సైనికులున్నారు, జీపులున్నాయి, ట్యాంకుంది. కానీ వీళ్లు పోరాడేది ఎవరితో? ఆ ఆలోచనే చేయలేదు. చర్చల్లో మార్వెల్ ఎడిటర్ ఆర్చీ గుడ్విన్ "కోబ్రా" అనే శత్రుముఠాను సూచించాడు. ఆ ముఠా లేకుండా ఈ సిరీస్‌ను ఊహించడం కష్టం.

ఇక లారీ హామా. మార్వెల్‌లో మిగతావాళ్లంతా వద్దన్నాక ఈ పని తన దగ్గరికి వచ్చిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు. న్యూయార్క్‌లో పుట్టిన జపనీస్ అమెరికన్, వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. ట్రింప్ కూడా వైమానిక దళంలో చేసినవాడే. ఈ పుస్తకంలో సైనికులు సూపర్ హీరోల్లా ఉపన్యాసాలు ఇవ్వరు. డ్యూటీలో ఉన్నవాళ్లలా గొణుగుతారు, ఒకరినొకరు ఆటపట్టిస్తారు, ఆర్డర్ నచ్చకపోయినా కదులుతారు. యూనిఫాం వేసుకున్న అనుభవం లేకపోతే ఆ మాటతీరు పట్టుబడదని నా నమ్మకం.

[తెరపై: నల్ల ముసుగు వేసుకున్న స్నేక్ ఐస్ బొమ్మ, దగ్గరగా.]

ఈ బొమ్మను ఒకసారి జాగ్రత్తగా చూడండి. ముఖానికి రంగు లేదు, బట్టలకు రంగు లేదు, మొత్తం నల్ల ప్లాస్టిక్. కారణం సింపుల్: రంగుల ఖర్చు మిగుల్చుకోవడం. ఆ పొదుపులోంచే హామా స్నేక్ ఐస్‌ను తీర్చిదిద్దాడు. ముఖం చూపించడు, నోరు విప్పడు, అసలు పేరు రహస్యం. అభిమానులు నెత్తిన పెట్టుకున్నది ఇతన్నే.

పాత్రలు కలగాపులగం కాకుండా ఉండాలని హామా ఒక్కొక్కరికీ సొంత ఊరు, ఉద్యోగం, స్వభావం రాసి పెట్టుకున్నాడు. ఆ వివరాలే బొమ్మల అట్ట వెనక కార్డులయ్యాయి. మన దేశంలో ఫన్‌స్కూల్ ఈ బొమ్మలు తయారుచేసి అమ్మింది కాబట్టి, 90ల్లో చిన్నతనం గడిచినవాళ్లలో కొందరికైనా ఈ పేర్లు గుర్తుండాలి.

సరే, కథలోకి వెళ్దాం. డాక్టర్ అడెల్ బర్కార్ట్ అణుశాస్త్రవేత్త. డూమ్స్‌డే ప్రాజెక్ట్ అనే సైనిక పథకంలో పనిచేసి, తర్వాత దాన్ని బాహాటంగా వ్యతిరేకించింది. ఆమె రైల్లో వెళ్తుండగా కోబ్రా ఎత్తుకుపోతుంది. ఆమె బుర్రలో ఉన్న రహస్యాలు వాళ్లకు కావాలి. విడిపించే పని జి.ఐ. జో జట్టు మీద పడుతుంది. ఈ జట్టు స్థావరం న్యూయార్క్‌లో, స్టేటెన్ ఐలాండ్‌లోని ఫోర్ట్ వాడ్స్‌వర్త్ కింద, భూగర్భంలో ఉంటుంది. పేరు "ది పిట్".

జట్టులో కొందరికి ఆమె దేశద్రోహి. అలాంటి మనిషి కోసం మనమెందుకు చావాలి అన్న అసహనం వాళ్లలో ఉంది. అయినా వెళ్తారు, కోబ్రా దీవి మీద దాడి చేస్తారు, ఆమెను విడిపిస్తారు. ఇష్టం లేనివాళ్లను ఒక్క దెబ్బతో మంచివాళ్లుగా మార్చకుండా, వాళ్ల అయిష్టాన్ని అలాగే ఉంచి పని చేయించాడు చూడండి, ఈ సంచికలో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. వియత్నాం ముగిసి ఏడేళ్లే అయింది. యుద్ధాన్ని వ్యతిరేకించినవాళ్లూ, యుద్ధానికి వెళ్లొచ్చినవాళ్లూ ఒకే వీధిలో ముఖాలు చాటేసుకుంటున్న కాలం. పిల్లల కామిక్‌లో ఆ గాయాన్ని తాకడానికి గుండె ధైర్యం కావాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పదముగ్గురిని ఒకే కథలో ఇరికించడంతో కొందరు పేరుకే మిగిలారు. కొత్త వాహనాలు చూపించాలన్న తొందరలో కథ అక్కడక్కడా కుంటుతుంది. శత్రుముఠా నాయకుడు కోబ్రా కమాండర్ ఇంకా ఉత్త ముసుగే. కానీ అదే ముఠాకు చెందిన బరోనెస్ ఈ సంచికలోనే అడుగుపెడుతుంది. బొమ్మగా రాకముందే కథలో పుట్టిన పాత్ర ఆమె.

[తెరపై: వరుసగా పేర్చిన సంచికల ముఖచిత్రాలు.]

మార్వెల్‌లో ఈ సిరీస్ 1994 దాకా, 155 సంచికలు నడిచింది. 2010లో ఐడీడబ్ల్యూ సంస్థ అక్కడి నుంచే కొనసాగించి 300కు చేర్చింది. 2023 నుంచి స్కైబౌండ్ 301తో అందుకుంది. రచయిత మళ్లీ హామాయే. చదవాలనిపిస్తే మొదటి సంచికతోనే మొదలుపెట్టండి. చదివాక, బర్కార్ట్‌ విషయంలో ఆ సైనికుల అసహనం మీకు న్యాయంగా అనిపించిందో లేదో కింద కామెంట్‌లో రాయండి.