ఆషాఢంలో బ్యాగు జిప్పు వెయ్యకండి

(ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం నాడు విజయవాడలో ఫొటోగ్రాఫర్ల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, స్టూడియో యజమానులకు, కెమెరామెన్లకు, లైట్ బాయ్స్‌కు, అందరికీ నమస్కారం. 1839 ఆగస్టు 19న ఫ్రాన్సు ప్రభుత్వం డాగ్యురోటైపు అనే తొలినాటి ఫొటో పద్ధతిని ప్రపంచం ముందు పెట్టింది. అందుకే ఈ రోజు మనకు పండగ. ఆ చరిత్ర ఏటా చెప్పుకుంటున్నదే కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

పరికరాలను ఇంట్లో ఎలా దాచాలి, దారిలో ఎలా మోయాలి, మండపంలో ఎలా కాపాడుకోవాలి అని మూడు ముక్కలుగా మాట్లాడమన్నారు. మొదటి ముక్కకే ఎక్కువ సమయం తీసుకుంటాను. మన లెన్సులు పోయేది దొంగల వల్లో, కింద పడడం వల్లో అనుకుంటాం. మన కోస్తాలో ఎక్కువ లెన్సులు పాడయ్యేది ఇంట్లోనే, అదీ ఆషాఢంలోనే.

ఎలాగో చూడండి. జ్యేష్ఠంలో చివరి ముహూర్తం అయిపోతుంది. కార్డులు కాపీ చేసుకుంటాం, బ్యాటరీలు తీస్తాం, బ్యాగు జిప్పు లాగి బీరువా మీద పడేస్తాం. ఇక నెలరోజులు పెళ్ళిళ్ళు లేవు. బయట ముసురు, గాలిలో తేమ ఎనభై, తొంభై శాతం. బ్యాగు లోపలి ఫోమ్‌లో అప్పటికే చెమట, మంటపం తడి ఇంకి ఉన్నాయి. లెన్సు మీద వేలి జిడ్డుంది, పసుపుంది, హోమం పొగ పొరుంది. ఫంగస్‌కు కావలసినవి తిండి, తేమ, చీకటి, కదలని గాలి. ఆ నాలుగూ జిప్పు వేసిన బ్యాగులో అమర్చి పెట్టి మనం ఊరెళ్ళిపోతాం. శ్రావణం మొదటి ముహూర్తానికి జిప్పు తీసేసరికి గాజు మీద సాలెగూడు పోగుల్లాంటివి పాకి ఉంటాయి.

ఆ పోగులు తుడిస్తే పోతాయిలే అనుకోకండి. లెన్సు ముందరి గాజు మీదున్నవైతే తుడవొచ్చు, లోపలి గాజుల మీదున్నవి లెన్సు విప్పితే తప్ప అందవు. విప్పి శుభ్రం చేసినా, ఫంగస్ వదిలిన ఆమ్లం అప్పటికే గాజు మీది కోటింగు పొరను తిని ఉంటే ఆ మచ్చ పోదు. మామూలు వెలుతురులో తేడా కనబడదు. దీపాల వరసకు ఎదురుగా పెళ్ళికూతుర్ని తీసినప్పుడు మాత్రం ఫ్రేమంతా పాలు కలిపినట్టు తెల్లబారుతుంది. కలర్ కరెక్షన్‌లో ఎంత లాగినా ఆ నలుపు తిరిగి రాదు.

అందుకే మళ్ళీ మళ్ళీ చెబుతాను: బ్యాగు మోసుకెళ్ళడానికే, దాచడానికి కాదు. షూటింగ్ నుంచి రాగానే, ఎంత అర్ధరాత్రయినా సరే, బ్యాగు ఖాళీ కావాలి. ఖాళీ బ్యాగును నోరు తెరిచి ఫ్యాను కింద పెట్టండి. మర్నాడు లోపలి అడ్డు ముక్కలు ఊడదీసి, దులిపి, ఎండలో వెయ్యండి. ఎండ బ్యాగుకే, కెమెరాకు కాదు.

మరి లెన్సులు ఎక్కడ పెట్టాలి? తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే చోట. అరవై దాటితే ఫంగస్‌కు అవకాశం ఇచ్చినట్టే. అలాగని మరీ ముప్పై కిందికి దించకండి, రబ్బరు గ్రిప్పులు, లోపలి గ్రీజు దెబ్బతింటాయి. చేతిలో డబ్బుంటే లోపలి తేమను తనే అదుపులో ఉంచే ఎలక్ట్రానిక్ డ్రై క్యాబినెట్ కొనండి. రెండు కెమెరా బాడీలు, నాలుగైదు లెన్సులున్నవాళ్ళకు 30 లీటర్లది చాలదు, 50 లీటర్లది చూసుకోండి. కొన్నాక ప్లగ్గు తియ్యకండి. కరెంటు బిల్లని ఆఫ్ చేసేవాళ్ళున్నారు. అది లాగే కరెంటు చిన్న బల్బు అంత కూడా ఉండదు. ఒకటి రెండు గంటలు కరెంటు పోతే భయం లేదు, తలుపు రబ్బరు సీలు బాగుంటే లోపలి తేమ గబుక్కున పెరగదు. తలుపు తీసి పెట్టి కబుర్లు చెప్పుకుంటేనే పెరుగుతుంది.

అంత డబ్బు లేనివాళ్ళకు దారి ఉంది. మూతకు రబ్బరు వాషరు, నాలుగు వైపులా క్లిప్పులు ఉన్న ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, తేమ పీల్చే సిలికా జెల్ పావుకిలో, తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటరు ఒకటి. అంతే. జెల్ నారింజ రంగుది కొనండి, తేమ పీల్చాక ఆకుపచ్చకు తిరుగుతుంది. నీలం రంగుదానిలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. రంగు మారిన జెల్‌ను పల్చగా పరిచి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది. వంట గిన్నెలో మాత్రం వెయ్యకండి, దాని పళ్ళెం దానికే ఉండాలి. చెప్పుల డబ్బాల్లో వచ్చే చిన్న చిన్న ప్యాకెట్లు దాచి లెన్సు పక్కన పెడుతుంటారు. అవి మన చేతికి వచ్చేసరికే తేమ తాగేసి ఉంటాయి, వాటి వల్ల ఉపయోగం లేదు. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు కూడా మానండి. బియ్యంలోనే పన్నెండు, పద్నాలుగు శాతం తేమ ఉంటుంది, పైగా తవుడు లెన్సు రింగుల్లోకి దిగుతుంది.

కలరా ఉండలు! పట్టు చీరల బీరువాలో కెమెరా పెట్టేవాళ్ళకు ఈ మాట. కలరా ఉండల ఆవిరి, కర్పూరం ఆవిరి రెండూ కెమెరాకు చేటే. కెమెరాతో ఇచ్చే మాన్యువల్‌లోనే ఈ హెచ్చరిక ఉంటుంది, చదవం. తోలు కేసుల్లో కూడా దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు ఒక మాట అడుగుతాను, నిజాయితీగా చేతులెత్తండి. ఇంట్లో హైగ్రోమీటరు ఎంతమందికి ఉంది? చూశారా. లక్షన్నర పెట్టి 70-200 జూమ్ లెన్సు కొంటాం, ఈఎంఐ రెండేళ్ళు కడతాం. దాన్ని కాపాడే మీటరు కొన్ని వందల రూపాయలు. ఆ కొన్ని వందల దగ్గరే మనకు చెయ్యి రాదు. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. లెన్సు షెల్ఫులో ఉంటే ఖర్చు, పనిలో ఉంటే సంపాదన అని లెక్కలు చెబుతాం. ఆ షెల్ఫులో గాలి ఎంత తడిగా ఉందో మాత్రం లెక్క చూడం.

మీటరు కొన్నాక దాన్ని గుడ్డిగా నమ్మకండి, ఉప్పుతో పరీక్షించండి. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, నాలుగైదు చుక్కల నీళ్ళతో తడి ముద్దలా చెయ్యండి. ఉప్పు కరిగిపోకూడదు. ఆ మూతను, మీటరును ఒకే జిప్ కవర్‌లో పెట్టి గాలి చొరకుండా మూసి రాత్రంతా ఉంచండి. ఉప్పు ముద్ద చుట్టూ గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 70 చూపిస్తే అది ఐదు తక్కువ చెబుతోందన్న మాట. ఆ తేడా స్టిక్కరు మీద రాసి మీటరుకు అంటించండి.

డబ్బాను, క్యాబినెట్‌ను నేల మీద పెట్టొద్దు. విజయవాడలో ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు నేల అంతస్తులన్నీ నీళ్ళల్లో నిలబడ్డాయి. కెమెరాలు, హార్డ్ డిస్కులు ఛాతీ ఎత్తుకు పైనే ఉండాలి. వీలైతే పై అంతస్తులో పెట్టండి. కస్టమర్ల ఫొటోల రెండో కాపీ ఇంకో పేటలో, ఇంకో ఇంట్లో ఉండాలి.

వెనక వరసలో పాత స్టూడియోల పెద్దలు కనబడుతున్నారు. అయ్యా, మీతో ఒక మనవి. మీ అటకల మీద అట్టపెట్టెల్లో నెగెటివ్‌లున్నాయి. ఒక్కసారి దించి వాసన చూడండి. వెనిగర్ వాసన ఘాటుగా వస్తే ఆ ఫిల్ము చివికిపోవడం మొదలైంది, ఆ ఆవిరి పక్కవాటికీ అంటుకుంటుంది. వాటిని వేరు చేసి, ముందు వాటినే స్కాన్ చేయించండి. గాజు ప్లేట్లుంటే ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలువుగా నిలబెట్టండి. బరువుకు అడుగువి పగులుతాయి. ఆరో నిజాం కొలువులో పనిచేసిన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివ్‌లు దిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఇవాళ్టికీ ఉన్నాయంటే, ఎవరో ఒకరు పద్ధతిగా దాచబట్టే. మన తాలూకా స్టూడియోల గాజు ప్లేట్లు ఎన్ని చెత్తలో కలిశాయో! వాటిలో మన తాతముత్తాతల మొహాలున్నాయి. దయచేసి పారెయ్యకండి.

సమయం గుర్తు చేస్తూ చీటీ వచ్చింది. దారి సంగతి త్వరగా చెబుతాను.

బండి మీద వెళ్ళేటప్పుడు బ్యాగు స్కూటర్ కాళ్ళ దగ్గర, ట్యాంకు మీద వద్దు. ఇంజను అదురుకు లెన్సు లోపలి చిన్న స్క్రూలు వదులవుతాయి. వీపుకు తగిలించుకోండి, ఒళ్ళు ఆ అదురును చాలావరకు మింగుతుంది. పొడుగు లెన్సును బాడీకి బిగించి ఉంచి మోయకండి, బరువంతా లెన్సు బిగించే మౌంటు మీద పడుతుంది. విడదీసి, రెండు మూతలూ పెట్టి, నిలువుగా సర్దండి. కారు డిక్కీలో మే నెల మధ్యాహ్నం కెమెరా వదిలి భోజనానికి పోకండి. ఎండలో మూసిన కారు లోపల వేడి అరవై డిగ్రీలు దాటిపోగలదు, లిథియం బ్యాటరీకి అది ప్రమాదం.

విమానంలో విడి బ్యాటరీలు చేతి సామానులోనే వెళ్ళాలి, చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 7.2 వోల్టులు, 2000 ఎంఏహెచ్, అంటే 2 ఆంపియర్-అవర్లు, ఉన్న కెమెరా బ్యాటరీ 14.4 వాట్-అవర్లు, దానికి ఇబ్బంది లేదు. వీడియో లైట్లకు వాడే పెద్ద వీ-మౌంట్ బ్యాటరీల దగ్గరే జాగ్రత్త: 100 వాట్-అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, అవీ రెండే తీసుకెళ్ళనిస్తారు, 160 దాటితే ఎక్కనివ్వరు. ప్రతి బ్యాటరీకి మూతుండాలి, లేకపోతే కాంటాక్టుల మీద టేపు వెయ్యండి. ఇంట్లో నెలలపాటు పక్కన పెట్టేటప్పుడు పూర్తి ఛార్జితో పెట్టకండి, సగం దగ్గర ఉంచండి. ఫ్లాష్‌లో, ట్రిగ్గర్‌లో పెన్సిల్ సెల్స్ వదిలేశారంటే కారి స్ప్రింగులు తినేస్తాయి.

భీమిలి, సూర్యలంక బీచ్‌లలో ప్రీ-వెడ్డింగ్ తీసేవాళ్ళకు: ట్రైపాడ్ కాలు కింది సన్న ముక్కను ముందు పూర్తిగా లాగండి, కీలు ఇసుకకు పైన ఉంటుంది. ఆ రాత్రే మంచినీళ్ళతో కాళ్ళు కడిగి విప్పి ఆరబెట్టండి. ఉప్పు రేపటిదాకా ఆగదు.

ఇక మండపం. ఏసీ హాల్లో నాలుగు గంటలున్న కెమెరాను బారాత్ వచ్చిందని ఒక్కసారిగా బయటికి తెస్తే లెన్సు మంచు పట్టినట్టు మసకేస్తుంది. అప్పుడు తుడుస్తాం, మళ్ళీ పడుతుంది. కోపంతో లెన్సు విప్పేస్తాం, అప్పుడు ఆ తడి సెన్సారు మీద చేరుతుంది. బారాత్‌కు వాడే బాడీని అరగంట ముందే జిప్ కవర్‌లో మూసి గుమ్మం దగ్గర ఉంచండి. కెమెరా వేడెక్కేదాకా తేమ కవరు మీదే పడుతుంది. తలంబ్రాలప్పుడు పసుపు బియ్యం లెన్సు హుడ్‌లో, జూమ్ రింగ్‌లో చేరతాయి. వెంటనే జూమ్ తిప్పకండి, గుడ్డతో రుద్దకండి. ముందు రబ్బరు బల్బుతో ఊదండి, తర్వాత మెత్తటి బ్రష్, చివర గుడ్డ. నోటితో ఊదితే ఉమ్మి తుంపరలు గాజు మీద పడతాయి.

రెండు స్లాట్లున్న కెమెరాలో రెండో కార్డు బ్యాకప్‌లో ఉందో, మొదటిది నిండాక నిండేలా ఉందో ఇప్పుడే చూసుకోండి. నిండిన కార్డులు బ్యాగులో వద్దు, ఒంటి మీద, బొత్తాం ఉన్న జేబులో ఉండాలి. బ్యాగు పోతే కెమెరా కొనుక్కోవచ్చు. మాంగల్యధారణ మళ్ళీ తీయలేం.

ఇంకొక్క నిమిషం ఇవ్వండి, ఇది చెప్పకుండా దిగను. ఆ బ్యాగులు మోసేది ఎవరు? ఇరవయ్యేళ్ళ కుర్రాడు. స్టూడియో యజమానులారా, మీ బ్యాగును ఒక్కసారి కాటా మీద పెట్టండి. పది కిలోలు దాటితే రెండుగా విడదీయండి. బరువైనవి వీపుకు ఆనేలా, నడుము పైన ఉండాలి. నడుము బెల్టు కట్టుకోమనండి, బరువు భుజాల నుంచి తుంటికి దిగుతుంది. లైటు స్టాండు మీద సాఫ్ట్‌బాక్స్ పెడితే అడుగున ఇసుక సంచి తప్పనిసరి. పిల్లలు పరుగెత్తే చోట ఆ స్టాండు పట్టుకుని రాత్రంతా ఓ మనిషిని నిలబెట్టడం సంచి ఖరీదు మిగుల్చుకోవడమే. మీ కూలీ ఒప్పందంలో ఆ కుర్రాడి నడుముకు కూడా చోటివ్వండి.

హాలు వెనక బల్ల మీద టార్చిలు పెట్టించాం. భోజనాలకు ముందే మీ లెన్సులు చూసుకోండి. రెండు మూతలూ తీసి, అపర్చర్, అంటే వెలుగు దారి, పూర్తిగా తెరిచి, వెనక వైపు నుంచి టార్చి ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. అక్కడక్కడా చుక్కలుంటే దుమ్ము, దానికి కంగారు పడకండి. కొమ్మలు వేసిన పోగులు కనబడితే ఆ లెన్సును అప్పుడే జిప్ కవర్‌లో వేరుగా పెట్టండి. మిగతా లెన్సుల పక్కన పెట్టకుండా, ఈ వారమే సర్వీసుకు పంపండి.