సాండ్రా ఓ కెరీర్ మొత్తం ఒక్క చార్టులో: గూగుల్ షీట్స్‌లో టైమ్‌లైన్ తయారీ

నమస్తే అండి. ఒక నటి కెరీర్‌ని, స్కూల్ నుంచి బయటికి వచ్చిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా, ఒక్క చార్టులో ఎలా చూపించాలో ఇవాళ చేద్దాం. గూగుల్ షీట్స్ చాలు, వేరే సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. సినిమావాళ్ల మీద వీడియోలు చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే.

ఉదాహరణకి సాండ్రా ఓ ని తీసుకున్నాను. కెనడా నటి. 'గ్రేస్ అనాటమీ' అనే అమెరికా ఆస్పత్రి సీరియల్ చూసినవాళ్లకి డాక్టర్ క్రిస్టినా యాంగ్ అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. చూడనివాళ్లు... 'కిల్లింగ్ ఈవ్' లో ఈవ్. అదీ చూడలేదా, 'టర్నింగ్ రెడ్' కార్టూన్ సినిమాలో అమ్మ గొంతు. ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది.

ఈవిడనే ఎందుకు అంటే, ఇదిగో ఈ లిస్టు చూడండి. మామూలుగా ఎక్కడ చూసినా ఫిల్మోగ్రఫీ, అంటే చేసినవాటి లిస్టు, ఇలాగే ఉంటుంది. సంవత్సరం, పేరు, పాత్ర. ఇందులో 'ప్రిన్సెస్ డైరీస్' ఒక లైన్. 2001లో వచ్చింది, అందులో ఆవిడ వైస్ ప్రిన్సిపాల్, పాత్ర పేరు గుప్తా! అవునండీ, గుప్తానే. కొరియన్ తల్లిదండ్రులకి కెనడాలో పుట్టిన అమ్మాయి హాలీవుడ్‌లో గుప్తా గారు అయిపోయింది. సరే, అది చిన్న పాత్ర, ఒక లైన్. దాని కింద 'గ్రేస్ అనాటమీ', పది సీజన్లు. అదీ ఒక లైనే! రెండూ ఒకే సైజు. చదివేవాడికి తేడా ఎలా తెలుస్తుంది? తెలియదు. అందుకే లిస్టు కాదు, బార్లు కావాలి.

కొత్త షీట్ తెరవండి. అడ్రస్ బార్‌లో షీట్స్ డాట్ న్యూ అని కొడితే నేరుగా వచ్చేస్తుంది, డ్రైవ్‌లోకి వెళ్లి ప్లస్ నొక్కి... ఆ తిరుగుడంతా అక్కర్లేదు.

హెడింగులు. ఎ లో పేరు. బి లో మొదలు. సి లో ఎన్నేళ్లు. డి లో ముగింపు. ఇ లో రకం, అంటే సినిమానా, టీవీనా, నాటకమా. ముగింపు సి లో ఉండాలి కదా, డి లో ఎందుకు పెట్టారు అంటారా, కావాలనే పెట్టాను, చార్ట్ దగ్గరికి వచ్చాక చెప్తాను. హెడింగుల వరస కదలకుండా ఉండటానికి వ్యూ, ఫ్రీజ్, వన్ రో. అయిపోయింది.

ఇప్పుడు డేటా. నేను ముందే కొట్టి పెట్టుకున్నాను, ఒక్కోటీ చూద్దాం.

ఆవిడ పుట్టింది 1971లో, ఒట్టావా పక్కన నెపియన్. 1993లో మాంట్రియల్‌లోని నేషనల్ థియేటర్ స్కూల్ ఆఫ్ కెనడా నుంచి పాసై వచ్చింది. ఇవి చార్టులో పెట్టట్లేదు, పని మొదలైన దగ్గర్నుంచే మన బార్లు.

మొదటి వరస, 'ద డైరీ ఆఫ్ ఎవిలిన్ లౌ', టీవీ సినిమా. రెండోది 'డబుల్ హ్యాపీనెస్', 1994, దర్శకురాలు మీనా షుమ్. నటి కావాలనుకునే చైనీస్ కెనడియన్ అమ్మాయి కథ. దీనికి ఆవిడకి జీనీ అవార్డు వచ్చింది, అప్పట్లో కెనడా సినిమాలకి అదే పెద్ద అవార్డు. ఇక్కడ ఒక మాట. ఈ సినిమా కొన్ని చోట్ల 1994 అనీ, కొన్ని చోట్ల 1995 అనీ కనిపిస్తుంది. 1994లో టొరంటో ఫెస్టివల్‌లో వేశారు, అమెరికాలో థియేటర్లకి వచ్చింది తర్వాత. ఏది పెట్టాలి? ఏదైనా పెట్టండి, కానీ అన్ని వరసలకీ అదే పద్ధతి పాటించండి. నేనైతే మొదటిసారి జనానికి చూపించిన సంవత్సరం పెడతాను.

తర్వాత 'ఆర్లిస్', అమెరికా టీవీ చానెల్ హెచ్‌బీవోలో కామెడీ, 1996 నుంచి 2002. ఈ పేరు ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు చివర రెండు డాలర్ గుర్తులు వస్తాయి. భయపడకండి, షీట్ దాన్ని డబ్బు అనుకోదు. 'లాస్ట్ నైట్', 1998, లోకం అంతమయ్యే రాత్రి టొరంటోలో ఏం జరుగుతుందని తీసిన సినిమా. దీనికి రెండో జీనీ. 2003 'అండర్ ద టస్కన్ సన్', 2004 'సైడ్‌వేస్'. 2005 'గ్రేస్ అనాటమీ'.

'గ్రేస్' దగ్గర ముగింపు 2014 అని పెట్టండి. సీరియల్ 2014లో ఆగిపోలేదు, ఆవిడ వెళ్లాక కూడా ఏళ్ల తరబడి నడిచింది. మనం చేస్తున్నది సీరియల్ చార్ట్ కాదు, ఆవిడ చార్ట్. కాబట్టి ఆవిడ ఉన్నంతవరకే. అన్నట్టు, మొదట ఆవిడని అనుకున్నది క్రిస్టినా కోసం కాదు, అదే సీరియల్‌లో ఇంకో డాక్టర్, బెయిలీ పాత్ర కోసం. క్రిస్టినా కావాలని ఆవిడే అడిగిందట. అడగకపోతే మన చార్టులో ఈ పెద్ద బార్ ఎలా ఉండేదో!

మిగతావి గబగబా. 2016 'క్యాట్‌ఫైట్'. అదే ఏడాది 'విండో హార్సెస్', యానిమేషన్, గొంతు ఇవ్వడమే కాదు, నిర్మాతల్లో కూడా ఒకరు. 2017 'మెడిటేషన్ పార్క్', మళ్లీ మీనా షుమ్‌తోనే. 2018 నుంచి 2022 'కిల్లింగ్ ఈవ్'. 2021 'ద చెయిర్', నెట్‌ఫ్లిక్స్, ఆరే ఎపిసోడ్లు. 2021లోనే 'ఇన్విన్సిబుల్' మొదలు, యానిమేషన్ సీరియల్. 2022 'టర్నింగ్ రెడ్', ఇదీ టొరంటో కథే. 2023 'క్విజ్ లేడీ'. 'ఇన్విన్సిబుల్' లాగా ఇంకా నడుస్తున్నవాటికి ముగింపు ఖాళీగా వదలొద్దు, ఈ ఏడాది వేసేయండి. ఖాళీగా వదిలితే సి కాలమ్‌లో మైనస్ రెండు వేలు అని వస్తుంది, చార్ట్ అటూ ఇటూ కాకుండా పోతుంది.

అవార్డులు ఈ షీట్‌లో కలపకండి. కింద ప్లస్ నొక్కి ఇంకో ట్యాబ్ తీసుకోండి. ఎందుకంటే 'గ్రేస్' కి గోల్డెన్ గ్లోబ్ వచ్చింది 2006 జనవరిలో, అప్పటికి సీరియల్ టీవీలో మొదలై ఏడాది కూడా కాలేదు. 'కిల్లింగ్ ఈవ్' కి వచ్చింది 2019 జనవరిలో, ఆ రాత్రి వేడుకని నడిపింది కూడా ఆవిడే, ఆండీ సామ్‌బర్గ్‌తో కలిసి. అవార్డు ఏడాది వేరు, పని ఏడాది వేరు. రెండూ ఒక కాలమ్‌లో పడితే లెక్క చెడుతుంది.

ఇప్పుడు ఫార్ములా. సి2 లో ఈక్వల్స్, డి2 మైనస్ బి2, ప్లస్ 1.

ఈ ప్లస్ 1 దగ్గర కాస్త ఆగుదాం. 2014లోంచి 2005 తీసేస్తే 9. కానీ 2005 కూడా లెక్కే, 2014 కూడా లెక్కే, కాబట్టి 10. సరే, ఒక ఏడాది తేడా వస్తే ఏమైంది అనుకోవచ్చు. సినిమాల దగ్గరికి రండి. 'సైడ్‌వేస్' మొదలు 2004, ముగింపు 2004. తీసివేస్తే సున్నా. సున్నా అంటే బార్ లేదు! పేరు ఉంటుంది, పక్కన ఖాళీ. నేను ముందే చేసి పెట్టుకున్న చార్టులో చూడండి, ప్లస్ 1 తీసేస్తున్నాను... సినిమాలన్నీ మాయం, ఏళ్ల తరబడి నడిచిన సీరియళ్లే మిగిలాయి. మళ్లీ పెడుతున్నాను... వచ్చాయి. ఫార్ములాని కింద దాకా లాగడానికి సి2 గడి కింద కుడి మూలన ఉండే చుక్క మీద డబుల్ క్లిక్ చేయండి. నేనైతే సి2 నుంచి చివరి వరస దాకా సెలెక్ట్ చేసి కంట్రోల్ డి కొడతాను, చేతికి అదే అలవాటు.

ఎ నుంచి సి దాకా సెలెక్ట్ చేయండి. సి దాకానే! ముగింపుని డి లో పెట్టింది ఇందుకే. అది కూడా సెలెక్షన్‌లోకి వస్తే 2005, 2014, 10 మూడూ కలిపి పేర్చేస్తుంది, బార్ నాలుగు వేలు దాటిపోతుంది. ఇన్సర్ట్, చార్ట్. రకం దగ్గర స్టాక్డ్ బార్ చార్ట్, అంటే ఒకే బార్‌లో అంకెల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చేది. నిలువు కాదు, అడ్డం. ఇది.

ఏంటిది, ఎడమ నుంచి కుడి దాకా ఒకటే నీలం రంగు గోడ. చివర ఎరుపు కనీ కనపడకుండా ఉంది. కంగారు పడకండి. నీలం మొదలు సంవత్సరం, ఎరుపు ఎన్నేళ్లు. నీలాన్ని కనపడకుండా చేస్తే ఎరుపు ముక్కలు వాటి వాటి చోట తేలుతూ ఉంటాయి.

ఈ ఒక్క స్టెప్ నిదానంగా చూడండి. నన్ను చాలాసేపు ఆపేసింది ఇదే. చార్ట్ మీద డబుల్ క్లిక్, పక్కన కస్టమైజ్, అందులో సిరీస్. తెరవగానే పైన ఒక పెట్టె, 'అప్లై టు ఆల్ సిరీస్' అని ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండా నేరుగా కిందికి వెళ్లి ఫిల్ ఒపాసిటీ, అంటే రంగు ఎంత చిక్కగా కనపడాలన్నది, సున్నా చేస్తారు. చేస్తే? ఇదిగో. మొత్తం ఖాళీ. నీలం పోయింది, ఎరుపూ పోయింది, చార్ట్ పాడైందనుకుని డిలీట్ చేసి మళ్లీ మొదటి నుంచి. పాడవలేదండీ. కంట్రోల్ జెడ్. ముందు ఆ పెట్టె మీద నొక్కండి, లిస్టులో 'మొదలు' ఎంచుకోండి. పెట్టెలో 'మొదలు' అని కనిపిస్తోందా? కనిపించాకే కిందికి. ఫిల్ ఒపాసిటీ, సున్నా శాతం. చూశారా, నీలం మాత్రమే పోయింది. మళ్లీ చెప్తున్నాను, ముందు పెట్టె, తర్వాత ఒపాసిటీ.

ఇప్పుడు అన్నీ కుడి మూలకి నొక్కుకుపోయి ఉన్నాయి, ఎందుకంటే అడుగున లెక్క సున్నా నుంచి మొదలైంది. కస్టమైజ్‌లో హారిజాంటల్ యాక్సిస్, మిన్ దగ్గర 1990, మ్యాక్స్ దగ్గర 2030. అంకెల్లో కామా వస్తే, 1,990 అని, నంబర్ ఫార్మాట్‌లో కస్టమ్ తీసుకుని సున్నా ఒక్కటి పెట్టండి. ఎక్సెల్‌లో చేసేవాళ్లకి వరసలు తలకిందులుగా వస్తాయి, అక్కడ యాక్సిస్ ఆప్షన్స్‌లో 'క్యాటగిరీస్ ఇన్ రివర్స్ ఆర్డర్' టిక్ పెట్టుకోండి.

రంగులు. టీవీ బార్ల మీద ఒక్కోటీ డబుల్ క్లిక్ చేసి రంగు మార్చేస్తున్నాను. వరసలు తక్కువ కాబట్టి చేత్తో చేయొచ్చు. బ్రహ్మానందం గారి లిస్టుకి ఇలా చేత్తో రంగులేస్తానంటే మాత్రం సెలవు పెట్టి కూర్చోవాలి.

ఇప్పుడు చూడండి. లిస్టులో కనపడని విషయాలు కనిపిస్తున్నాయా? 'ఆర్లిస్', 'గ్రేస్', 'కిల్లింగ్ ఈవ్'. కెరీర్‌లో ఎక్కువ భాగం ఈ మూడు టీవీ బార్లే. సినిమాలు వాటి మధ్య సందుల్లో, కొన్ని వాటి మీదే. 'లాస్ట్ నైట్' సరిగ్గా 'ఆర్లిస్' బార్ కిందే ఉంది చూడండి. అమెరికాలో హెచ్‌బీవో కామెడీ చేస్తూనే, అదే కాలంలో టొరంటో సినిమా చేసి జీనీ తెచ్చుకుంది.

తర్వాత ఇక్కడ, 2014కీ 2018కీ మధ్య. ఇంటర్నెట్‌లో చాలామంది 'గ్రేస్' తర్వాత ఆవిడ కనపడకుండా పోయిందనీ, 'కిల్లింగ్ ఈవ్' తో తిరిగొచ్చిందనీ రాస్తారు. నాకు ఆ మాట నచ్చదు. పెద్ద బార్ లేదు, నిజమే. చిన్నవి ఉన్నాయి కదా, ఇవన్నీ ఏంటి మరి? ఇంకొకటి కూడా ఉంది, చాలా లిస్టుల్లో నాటకాలు ఉండవు. ఒక వరస కలుపుదాం. 2014, 'డెత్ అండ్ ద మెయిడెన్', చికాగోలో, రకం నాటకం. 'గ్రేస్' వదిలిన ఏడాదే స్టేజి ఎక్కింది. చివర ఇంకొకటి, 2025, న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో షేక్‌స్పియర్ 'ట్వెల్ఫ్త్ నైట్', ఒలీవియా పాత్ర. ఇప్పుడు ఆ సందు అంత ఖాళీగా ఉందా?

వరసలు కలిపాక చార్టులోకి రాకపోతే సెటప్‌లో డేటా రేంజ్ చివరి అంకె పెంచండి. చార్ట్ మూలన మూడు చుక్కలు, డౌన్‌లోడ్, పీఎన్‌జీ. వీడియోలో జూమ్ చేయాలనుకుంటే ఎస్‌వీజీ తీసుకోండి, అంచులు చెదరవు. షీట్ లింక్ డిస్క్రిప్షన్‌లో పెట్టాను. ఎడిట్ యాక్సెస్ అడగకండి, ఫైల్‌లోకి వెళ్లి 'మేక్ ఎ కాపీ' కొట్టుకోండి, మీ డ్రైవ్‌లోకి వచ్చేస్తుంది. అవార్డుల ట్యాబ్ అందులో సగమే నింపాను, మిగతావి మీరు నింపుకోండి.