పవర్ డ్రాబార్ నొక్కినప్పుడు స్పిండిల్ బేరింగ్‌ల మీద ఏం పడుతుంది?

[తెరపై: మిల్లింగ్ మెషిన్ తల, దగ్గరగా. బటన్ నొక్కగానే గాలి చప్పుడు, టూల్ చేతిలోకి జారుతుంది.]

ఒక్క బటన్ నొక్కాం. స్పానర్ లేదు, సుత్తి లేదు, టూల్ చేతిలోకి వచ్చేసింది. ఈ సుఖానికి అలవాటు పడ్డవాళ్లు పాత పద్ధతికి వెళ్లమంటే వెళ్లరు. కానీ గాలి బుస్సుమన్న ఆ క్షణంలో, లోపల స్పిండిల్ బేరింగ్‌ల మీద ఎంత బరువు పడింది? అసలు పడిందా? ఈ వీడియో అంతా ఆ ఒక్క క్షణం గురించే.

[తెరపై: స్పిండిల్ నిలువుగా కోసిన బొమ్మ]

స్పిండిల్ అంటే టూల్‌ని పట్టుకుని తిరిగే బోలు గొట్టం. దాని మధ్యలోంచి దిగే పొడవాటి రాడ్డే డ్రాబార్. కింద టూల్‌ని పట్టే కొలెట్‌నో టూల్ హోల్డర్‌నో పట్టుకుని, స్పిండిల్ కొసలోని టేపర్‌లోకి, అంటే ఏటవాలు రంధ్రంలోకి, లాగి ఉంచడం దాని పని. బటన్ నొక్కితే గాలి బలంతో పనిచేసేది పవర్ డ్రాబార్. ఇక్కడ చాలామంది పొరబడతారు. బిగించినప్పుడు ఆ లాగుడంతా బేరింగ్‌లు మోస్తాయనుకుంటారు. మోయవు. రాడ్డు హోల్డర్‌ని పైకి లాగుతుంది, అదే రాడ్డు పై కొస స్పిండిల్‌ని కిందకి నొక్కుతుంది. రెండూ స్పిండిల్ లోపలే ఒకదానికొకటి చెల్లిపోతాయి. బేరింగ్‌కి ఆ సంగతే తెలియదు.

చిక్కంతా వదిలేటప్పుడు వస్తుంది.

[తెరపై: డిస్క్ స్ప్రింగ్‌ల దొంతర, దాని పైన సిలిండర్]

స్ప్రింగ్ రకం పవర్ డ్రాబార్‌లో హోల్డర్‌ని పట్టి ఉంచేది బెల్‌విల్ స్ప్రింగ్‌ల దొంతర. పళ్లెంలా కొంచెం వంపు తిరిగిన వాషర్లలా ఉంటాయివి. 1867లో ఫ్రాన్స్‌లో జూలియన్ బెల్‌విల్ వీటికి పేటెంట్ తీసుకున్నాడు. టూల్ వదలాలంటే ఈ దొంతరని పైనుంచి అణచాలి. 100 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌కి 6 బార్ గాలి ఇస్తే పిస్టన్ దాదాపు 4,700 న్యూటన్లతో నొక్కుతుంది. అంటే 480 కిలోల బరువు పెట్టినట్టు. పెద్ద హోల్డర్లకి ఇది చాలదు కాబట్టి మూడు పిస్టన్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. అప్పుడు టన్ను దాటిపోతుంది.

ఆ టన్ను ఏ దారిన పోతుందో చూడండి. సిలిండర్‌ని మెషిన్ తలకి బోల్టులతో బిగించారనుకుందాం. పిస్టన్ డ్రాబార్‌ని నొక్కుతుంది, డ్రాబార్ స్ప్రింగ్‌లని, స్ప్రింగ్‌లు స్పిండిల్‌ని. స్పిండిల్‌ని కిందకి జారకుండా ఆపేది ఎవరు? బేరింగ్‌లే. అవి తలలోని హౌసింగ్‌ని నొక్కుతాయి, బలం అక్కడినుంచి తిరిగి సిలిండర్ బోల్టుల దాకా పోతుంది. మొత్తం దారి బేరింగ్ గుండ్ల మీదుగానే.

[తెరపై: బేరింగ్ గాడిలో గుండు, బాగా పెద్దది చేసి]

ఆ సమయంలో బేరింగ్ తిరగడం లేదు. కాబట్టి అరుగుదల, అలసట లెక్కలు ఇక్కడ పనికిరావు. చూడాల్సింది కదలకుండా ఎంత మోయగలదన్నది. బాల్ బేరింగ్ స్థిర భారానికి ఐఎస్ఓ 76 ప్రమాణం గీసిన గీత ఇది: గుండు, గాడి కలిసే చోట ఒత్తిడి 4,200 మెగాపాస్కల్. అంత ఒత్తిడి పడితే గుండు వ్యాసంలో పదివేలో వంతు శాశ్వతంగా నొక్కుకుపోతుంది. 10 మి.మీ. గుండుకి అది ఒక్క మైక్రాన్, మిల్లీమీటరులో వెయ్యో వంతు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది, కానీ ఆ గీత దాటేకొద్దీ గుంటలు లోతవుతాయి, స్పిండిల్ తిరిగేటప్పుడు ప్రతి గుండూ ఆ గుంటల మీదుగా దొర్లాలి. దీన్నే బ్రినెల్లింగ్ అంటారు. గుండుని నొక్కి గుంట కొలిచి లోహం గట్టిదనం చెప్పిన స్వీడన్ ఇంజనీరు బ్రినెల్ పేరు మీద వచ్చిన మాట.

ఇంకో విషయం నన్ను ఎప్పుడూ కలవరపెడుతుంది. డ్రిల్లింగ్‌లో నెట్టుడు స్పిండిల్‌ని పైకి తోస్తుంది. అందుకే మూడు బేరింగ్‌ల సెట్ వేసిన స్పిండిల్స్‌లో తరచూ రెండు బేరింగ్‌లు ఆ నెట్టుడికి ఎదురుగా ఉంటాయి, కిందకి వచ్చే బరువుకి ఒక్కటే మిగులుతుంది. డ్రాబార్ వదిలే బలం కిందకే. ఆ టన్ను పడేది ఒంటరిగా ఉన్నదాని మీద.

[తెరపై: సిలిండర్ కొక్కేలు స్పిండిల్ కాలర్ కింద పట్టుకోవడం]

దీనికి మంచి విరుగుడు ఉంది: తేలే సిలిండర్. దీని బాడీని తలకి గట్టిగా బిగించరు, గైడ్ రాడ్ల మీద పైకీ కిందికీ కాస్త కదలనిస్తారు. బాడీకి ఉన్న కొక్కేలు స్పిండిల్ మీది కాలర్‌ని (చుట్టూ ఉండే గట్టుని) కిందనుంచి పట్టుకుంటాయి. పిస్టన్ డ్రాబార్‌ని కిందకి నొక్కినంత బలంతోనే కొక్కేలు స్పిండిల్‌ని పైకి లాగుతాయి. బలం స్పిండిల్‌లోనే చుట్టి వచ్చేస్తుంది. సొంతంగా చేసుకునేవాళ్లు ఈ ఒక్క భాగం కష్టమని వదిలేస్తుంటారు. దయచేసి వదలకండి.

మరి ఆర్8 అనే రకం టేపర్ ఉన్న మెషిన్ల మీద వాడే, దెబ్బలతో తిప్పే ఇంపాక్ట్ రెంచ్ రకం? అది డ్రాబార్‌ని స్క్రూలా తిప్పుతుంది. దెబ్బలన్నీ తిరిగే దిశలో పడతాయి, కిందకి నొక్కేది సాకెట్‌ని డ్రాబార్ హెక్స్ (ఆరు పలకల తల) మీద నిలిపేంత చిన్న సిలిండర్. బేరింగ్‌కి అంత భయం లేదు. పాత పద్ధతిలో డ్రాబార్ తలని కొట్టే ఇత్తడి సుత్తితో పోల్చండి: అరకిలో సుత్తి సెకనుకి 4 మీటర్ల వేగంతో వచ్చి సెకనులో ఐదువేలో వంతులో ఆగితే సగటున 10,000 న్యూటన్ల దెబ్బ. అందులో కొంత టేపర్‌ని ఊడదీయడానికే ఖర్చవుతుంది, మిగతాది బేరింగ్ వైపు పోతుంది. సుత్తే వాడాల్సి వస్తే డ్రాబార్ ఒకటి రెండు చుట్లు వదులు చేసి, మెల్లగా తట్టండి.

ఏ రకమైనా, స్పిండిల్ తిరుగుతున్నప్పుడు పిస్టన్‌కి, డ్రాబార్‌కి మధ్య ఖాళీ ఉండాలి. తేలే రకంలో కొక్కేలకీ అంతే. రాసుకుంటే వేడి, ఆ వేడితో బేరింగ్ ప్రీలోడ్ (సందు లేకుండా బేరింగ్‌లో ముందే పెట్టిన బిగువు) పెరగడం మొదలవుతుంది. పిస్టన్ వెనక్కి వచ్చిందని సెన్సర్ చెప్పేదాకా మోటార్ స్టార్ట్ కాకూడదు. గాలి ఒక్కసారిగా రాకుండా ఫ్లో కంట్రోల్ వాల్వ్ పెట్టండి, లేకపోతే ఆ ఖాళీ దాటి వచ్చే పిస్టనే సుత్తి అవుతుంది.

[తెరపై: డయల్ గేజ్ ముల్లు స్పిండిల్ ముక్కు మీద]

మీ మెషిన్ సంగతి తేల్చుకోవడానికి చిన్న కదలికని కూడా ముల్లుతో చూపే ఒక డయల్ గేజ్ చాలు. స్ప్రింగ్ రకమైతే టూల్ తీసేయండి. గేజ్‌ని నిలబెట్టే మాగ్నెట్ బేస్‌ని స్పిండిల్ హౌసింగ్ మీదే, ముక్కుకి దగ్గరగా పెట్టండి. బల్ల మీద పెడితే తల వంగినదంతా కలిసిపోతుంది. ముల్లుని స్పిండిల్ కింది ముఖానికి ఆనించి, సున్నా చేసి, బటన్ నొక్కండి. ముల్లు కదలకపోతే బలం స్పిండిల్‌లోనే చుట్టి వస్తోంది. కొన్ని మైక్రాన్లు దిగి, వదలగానే సున్నాకి వస్తే బేరింగ్‌లు బరువు మోస్తున్నాయి. ఆ అంకె రాసిపెట్టుకుని నెలకోసారి చూడండి. పెరుగుతూ పోతున్నా, వదిలాక సున్నాకి రాకపోయినా, ప్రీలోడ్ పోయిందేమోనని అనుమానించాల్సిందే. అప్పుడు స్పిండిల్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పి చూడండి, గుంటలు పడి ఉంటే వేళ్లకి గరుకుగా, ఆగి ఆగి తెలుస్తుంది.