ఏం చదవమంటారు మాస్టారూ?

(శ్రీకాకుళంలో ఇంగ్లిష్ విద్యార్థులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

డిగ్రీ పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మాస్టారూ, ఇంగ్లిష్ రావాలంటే ఏం చదవమంటారు?" అడగడం తప్పని అనను. కానీ ఒకటో తరగతి నుంచీ ఇంగ్లిష్ చదువుతున్న కుర్రాడు తనకేం రాదో తాను చెప్పలేకపోతున్నాడంటే, ఆ పాపంలో మా అధ్యాపకుల వాటా పెద్దది. నోట్సు మేమే చెప్పి రాయించాం. ఇంపార్టెంట్ క్వశ్చన్లకు టిక్కులూ మేమే పెట్టించాం.

ఫ్రాన్స్‌లోని నాన్సీ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆన్రీ హోలెక్ 1981లో వచ్చిన తన పుస్తకంలో ఈ సంగతి తేల్చేశాడు. ఏం నేర్చుకోవాలి, ఎలా నేర్చుకోవాలి, వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి, ఈ బాధ్యతంతా నేర్చుకునేవాడే తీసుకోగలగాలన్నాడు. అది పుట్టుకతో రాదని, అలవరచుకోవాల్సిందేనని కూడా అన్నాడు.

ఫ్రాన్స్ దాకా ఎందుకంటారా? గిడుగు రామమూర్తి పంతులుగారు మన పర్వతాలపేటలో పుట్టినవారే. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర గిరిజనుల భాష నేర్చుకోవాలనుకున్నారు. దానికి అప్పట్లో లిపి లేదు, పుస్తకం లేదు, కోచింగ్ అసలే లేదు. తెలుగు తెలిసిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, విన్నది రాసుకుంటూ నేర్చారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది. ఆయన ఒంటరిగా నేర్చుకోలేదు, గమనించండి. గురువును తానే వెతుక్కున్నారు. స్వయంగా నేర్చుకోవడమంటే ఎవరి సాయమూ లేకుండా అనుకుంటాం మనం. యూట్యూబ్ లింకులు పంపేసి చేతులు దులుపుకునే మాబోటివాళ్లకు అలా అనుకోవడం సుఖం కూడాను.

డెన్మార్క్‌లో లెనీ డామ్ అనే టీచరు బడి పిల్లల చేత లాగ్‌బుక్కులు, అంటే ఏం నేర్చుకోవాలనుకున్నారో, ఎంతవరకు వచ్చిందో ఎవరికి వారు రాసుకునే పుస్తకాలు, రాయించారు. మా క్లాసులో అదే పెట్టాను. మొదట్లో అందరి పేజీలోనూ ఒకటే మాట, "ఇంగ్లిష్ ఇంప్రూవ్ చేసుకోవాలి". అది లక్ష్యం కాదు, మొక్కు! ఆమదాలవలస నుంచి వచ్చే ఒకమ్మాయి మాత్రం "స్టేషన్లో ఇంగ్లిష్ అనౌన్స్‌మెంట్ తెలుగు వినకుండానే అర్థం కావాలి" అని రాసింది. ఫోన్లో రికార్డు చేసుకుని, ఇంటికెళ్లి వినపడినంత కాగితం మీద పెట్టింది. రైలు నంబరు, ప్లాట్‌ఫారం దొరికాయి. రైలు లేటయినందుకు చెప్పే క్షమాపణ మాత్రం ఒక్క ముక్క పట్టుబడలేదు. కింద ఇలా రాసుకుంది: "మళ్లీ మళ్లీ విన్నాను. సమస్య స్పీడు కాదు, ఆ మాటలే నాకు తెలియవు." మేం పెట్టే ఏ ఇంటర్నల్ పరీక్షా ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. మర్నాడు వచ్చి ఆ మాటలే అడిగింది. రెండు నిమిషాల పని.

30 రోజుల్లో ఇంగ్లిష్ అని బోర్డు పెట్టినచోటికి వెళ్లొద్దని నేను చెప్పను. మీకేం కావాలో రాసుకుని మరీ వెళ్లండి. ఫీజు కట్టేది మీరు కదా, అడగండి.

తోటి అధ్యాపకులకు ఒక్క మాట. సిలబస్ ఎప్పుడవుతుందంటారని తెలుసు. వారానికి ఒక పీరియడ్ ఇవ్వండి. ఏం అనుకున్నారో, ఎంతవరకు అయిందో పిల్లలు పక్కవాళ్లకు ఇంగ్లిష్‌లోనే, తప్పులతోనే చెప్పుకోవాలి. గోలవుతుంది. పక్క క్లాసు నుంచి కంప్లైంట్ వస్తుంది. కొందరు ఖాళీ పేజీలు చూపిస్తారు. వాళ్లకు మార్కులు కోస్తే మిగతావాళ్లు అబద్ధాలు రాయడం మొదలుపెడతారు. అందుకని ఆ లాగ్‌బుక్కుకు మాత్రం మార్కులు పెట్టకండి.