ఎపిసోడ్ 47: గ్లాస్గో మాట, మేడ మీద మసి

లావణ్య: నమస్కారం, మళ్ళీ వచ్చేశాం. ఈసారి విశాఖ వన్‌టౌన్‌లో రమణన్న మేడ మీద రికార్డింగ్. కాకులు అరుస్తాయి, సర్దుకోండి. టాపిక్ వచ్చేసి, వాతావరణ మార్పు మీద కేంద్రం దేశంలో ఏం చేస్తోంది, బయట ఏం మాట్లాడుతోంది. అన్నా, ఆ బొగ్గు సెస్సు పన్ను గురించి మాత్రం...

రమణ: ఇంకా నోరే తెరవలేదు కదమ్మా.

లావణ్య: తెరుస్తావని పందేలు కాసుకుంటున్నారు. సరే, గబగబా చెప్పేస్తా. 2008లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక, ఎనిమిది మిషన్లు. 2015లో పారిస్ వాతావరణ ఒప్పందం. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ప్రధాని 2070కల్లా నెట్ జీరో, అంటే వదిలే పొగా వెనక్కి పీల్చేదీ సమానం, అన్నారు. 2030కి కరెంటు స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గూ గ్యాసూ కానివి ఉండాలనుకున్నాం, అది 2025లోనే అయిపోయింది.

రమణ: తయారుచేయగల సామర్థ్యం సగం. నిజంగా తయారయ్యే కరెంటు సగం కాదు. మన ఇంట్లో ఫ్యాను తిరిగేది ఇప్పటికీ ఎక్కువగా బొగ్గు మీదే. పరవాడ వెళ్ళి చూడు, సింహాద్రి బొగ్గు ప్లాంటు 2,000 మెగావాట్లు, దాని రిజర్వాయర్ మీద తేలే సోలార్ పలకలు 25 మెగావాట్లు. ఫొటోల్లో మాత్రం పలకలే.

లావణ్య: అంటే పెట్టకూడదా?

రమణ: పెట్టాలి. ఫొటో చూసి మురిసిపోవద్దంటున్నా. అదిగో ఆ చీర మీద అమ్మ పెట్టిన గుమ్మడి వడియాలు, ఒకటి తీసి చూడు.

లావణ్య: మిరియాలు వేశారా?

రమణ: మిరియాలా! బొగ్గు పొడి తల్లీ. ఎవరిదని అడక్కు, చెప్పను. నిన్న పొద్దున్న పెట్టింది, సాయంత్రానికి ఇలా అయిపోయింది.

లావణ్య: అయ్యో, నేనొకటి నోట్లో కూడా వేసుకున్నాను.

రమణ: ఏం కాదులే, మేం ముప్ఫై ఏళ్ళుగా తింటున్నాం. నాన్న ఎండాకాలం ఇక్కడే పడుకునేవారు. పొద్దున్న లేస్తే దుప్పటంతా మసి, ఆయన పడుకున్న చోటు ఒక్కటీ మనిషి ఆకారంలో తెల్లగా ఉండేది. అమ్మ దాన్ని దులిపేది కాదు, మడిచి పక్కన పెట్టేది. ఎందుకో ఎప్పుడూ అడగలేదు.

లావణ్య: ...

రమణ: సరే, కానీ.

లావణ్య: లేదన్నా, ఇప్పుడు గ్లాస్గో సంగతి ఎత్తితే నువ్వు కొడతావేమో. చివరి రోజు మన మంత్రి భూపేందర్ యాదవ్ బొగ్గు విషయంలో ‘ఫేజ్ అవుట్’, అంటే పూర్తిగా మానెయ్యడం, తీయించి ‘ఫేజ్ డౌన్’, అంటే తగ్గించుకుంటూ రావడం, పెట్టించారు. సభ నడిపిన అలోక్ శర్మ కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనయింది. నన్నడిగితే మనది తప్పు కాదు. వాళ్ళ ఆయిలూ గ్యాసూ పేరెత్తకుండా మన బొగ్గునొక్కదాన్నే నిలబెడితే ఎలా? మనిషికింత అని లెక్కేస్తే మన పొగ అమెరికా వాడి పొగలో ఎన్నో వంతు?

రమణ: ఆ లెక్క నాకూ తెలుసు, నేనూ చప్పట్లు కొట్టాను. బయట ఆ మాట గెలిచాం, బాగుంది. దేశంలో ఆ ‘డౌన్’ ఏ ఏడాది మొదలవుతుంది అంటున్నా. దానికి డబ్బు కూడా దొరికింది కదా, 2010లో బొగ్గు టన్నుకి 50 రూపాయల సెస్సు...

లావణ్య: వచ్చేసింది! పందెం కాసినవాళ్ళు డబ్బులు తీసుకోండి.

రమణ: నవ్వు, నవ్వు. 2016కి 400 అయింది. శుభ్రమైన ఇంధనం కోసమని వసూలు చేసి, 2017లో జీఎస్టీ వల్ల రాష్ట్రాలకొచ్చే నష్టం పూడ్చే పరిహారం వైపు మళ్ళించేశారు. 2024లో బాకు వాతావరణ సదస్సులో, పేద దేశాలకి 2035కల్లా ఏడాదికి 300 బిలియన్ డాలర్లు చాలవని పోట్లాడాం, న్యాయమే. మరి మన చేతిలో ఉన్న...

లావణ్య: బాకు గురించే కదా ఇవాళ మాట్లాడాలనుకున్నాం, నువ్వే...

(కింది నుంచి: ఒరేయ్, చినుకులు పడుతున్నాయి, వడియాలు తియ్యరా!)

రమణ: వస్తున్నానే!

లావణ్య: అన్నా, చీర ఆ కొస నేను పడతా, ముందు ఆ మైకు... అన్నా, మైకు తీసెయ్, వైరు...