ఫోటో చూసి బొమ్మ వేస్తే హక్కు ఎవరిది?

(తెర మీద: తెల్లవారుజామున ధవళేశ్వరం, పొగమంచులో ఒక పడవ)

ఒక ఫోటోగ్రాఫర్ గోదావరిలో వల విసురుతున్న జాలరిని ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారనుకోండి. రాజమండ్రిలో ఒక చిత్రకారుడు దాన్ని అచ్చంగా ఆక్రిలిక్ రంగుల్లో వేసి, ప్రింట్లు తీసి అమ్ముతున్నారు. "ఆయన కెమెరాతో తీశారు, నేను కుంచెతో వేశాను, కష్టం నాదే కదండీ?" అంటారు.

కష్టం నిజమే. అయినా చట్టం ఒప్పుకోదు. 1957 కాపీరైట్ చట్టంలో పెయింటింగ్ లాగే ఫోటో కూడా కళాకృతే. దాన్ని ఏ రూపంలో తిరిగి చేయాలన్నా ఆ హక్కు ఫోటో యజమానిదే. శిల్పంగా చెక్కినా అంతే. 2012 సవరణ తర్వాత ఈ రక్షణ ఫోటో తీసినవారి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు ఉంటుంది. "ముప్పై శాతం మారిస్తే చాలు" అని చాలామంది చెబుతుంటారు. చట్టంలో అలాంటి లెక్క ఎక్కడా లేదు.

(తెర మీద: వల గాల్లో విచ్చుకుంటున్న దృశ్యం, నెమ్మదిగా)

మరి ఆ ఫోటోలో ఫోటోగ్రాఫర్ సొంతం ఏమిటి? గోదావరి కాదు, వల కాదు, పొగమంచూ కాదు. ఆలోచన మీద కాపీరైట్ ఉండదని, దాన్ని వ్యక్తం చేసిన తీరు మీదే ఉంటుందని 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వల సగం విచ్చుకున్న ఆ క్షణాన్ని ఎంచుకోవడం, పడవను ఫ్రేములో ఒక మూలకి నెట్టడం, వెలుగు వెనక నుంచి పడేలా నిలబడటం, ఇవీ ఆయనవి. పది ఫోటోలు చూసి వల ఎలా తెరుచుకుంటుందో నేర్చుకుని మీ జాలరిని మీరు వేసుకోండి, ఎవరూ అడ్డు చెప్పరు. వీలైతే గట్టు మీదికి వెళ్లి చూసి వేయండి. బొమ్మలో ప్రాణం అక్కడే వస్తుందని నా నమ్మకం.

"ఫెయిర్ యూజ్ ఉంది కదా" అంటారు కొందరు, అంటే అనుమతి లేకుండానే కొంత వాడుకోవచ్చనే మినహాయింపు. అది అమెరికా మాట. అక్కడ కూడా అంత సులువు కాదు. లిన్ గోల్డ్‌స్మిత్ అనే ఫోటోగ్రాఫర్ 1981లో గాయకుడు ప్రిన్స్‌ని ఫోటో తీశారు. దాని ఆధారంగా చిత్రకారుడు ఆండీ వార్హాల్ చేసిన చిత్రాల్లో ఒకదాన్ని 2016లో ఆయన పేరిట ఉన్న ఫౌండేషన్ ఒక పత్రికకు పది వేల డాలర్లకు వాడుకోనిచ్చింది. గోల్డ్‌స్మిత్‌కు పైసా రాలేదు. 2023లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆమె వైపు నిలిచింది.

మన కాపీరైట్ చట్టంలో ఇలాంటి మినహాయింపులు చెప్పే 52వ సెక్షన్ ఇంకా ఇరుకైనది. సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు చెప్పడం లాంటివాటికే వెసులుబాటు. ఇంట్లో సాధన కోసం వేసుకుంటే భయం లేదు. ప్రింట్లు అమ్మితే అది సొంత వాడకం కాదు.

(తెర మీద: ఒక ఊరి కూడలిలో కాటన్ దొర విగ్రహం)

ఇదే సెక్షన్ మనకు ఒక మేలు కూడా చేసింది. బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాన్ని ఎవరైనా గీయవచ్చు, ప్రచురించవచ్చు. కాబట్టి మన ఊరూరా ఉన్న కాటన్ దొర విగ్రహాలను ధైర్యంగా వేయండి. ఇంకొకరు తీసిన విగ్రహం ఫోటోని మాత్రం అలాగే దించకండి, ఆ ఫోటోకి హక్కు వేరే ఉంటుంది.

పెళ్లి ఫోటోల సంగతి తిరగబడుతుంది. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించుకున్నవారిదే. అమలాపురంలో ఒక జంట తమ ఆల్బమ్ తెచ్చి బొమ్మ వేయమంటే స్టూడియోని అడగక్కర్లేదు. అయితే ఆర్టిస్టులూ ఇది గమనించండి: డబ్బు తీసుకుని వేసిన పోర్ట్రెయిట్‌కీ ఇదే సూత్రం. ఆ బొమ్మ ప్రింట్లు మీరు అమ్ముకోవాలంటే ముందే రాయించుకోవాలి.

2027లో పుష్కరాలు. క్యాలెండర్లకి, గోడ బొమ్మలకి గిరాకీ పెరుగుతుంది. నచ్చిన ఫోటో కనిపిస్తే తీసినవారికి ఒక మెసేజ్ పెట్టండి. ఎన్ని ప్రింట్లు, ఎంత డబ్బు, పేరు ఎక్కడ వేస్తారో చెప్పండి. అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, నోటిమాట చాలదు. గడువు కూడా అందులో రాయండి. రాయకపోతే చట్టం దాన్ని ఐదేళ్లుగానే లెక్కిస్తుంది. ఎక్కడెక్కడ అమ్ముతారో రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ప్రింట్లు పంపాలనుకుంటే ఆ మాట కూడా చేర్చండి.